కృష్ణ మెట్లు దిగుతూ సముద్రం దాకా

గుంటూరులోనో విజయవాడలోనో ఉంటూ, గుడారమూ, కయాక్ అనే చిన్న తెడ్డు పడవా కారులో వేసుకుని కొన్ని రోజులు తిరిగి రావాలనుకునేవారికి చుట్టూ ఉన్నవాళ్ళు చెప్పే పేర్లు దాదాపు ఒకటే: రిషికేశ్, గోవా, కూర్గ్, మరీ దగ్గరైతే మారేడుమిల్లి. ఆ చోట్ల మీద నాకు చిన్నచూపేమీ లేదు. కానీ కొండలు, అడవి, సముద్రం మూడూ ఒకే ప్రయాణంలో చూడాలన్న కోరిక తీరడానికి వెయ్యి కిలోమీటర్లు పోనక్కర్లేదనీ, మన ఊళ్ళ పక్కనుంచే వెళ్ళే కృష్ణను పట్టుకుని నల్లమల నుంచి, నది సముద్రంలో కలిసే హంసలదీవి దాకా వెళితే ఆ మూడూ వరసగా ఎదురవుతాయనీ నా వాదన. ఆ వాదనకు ఒక షరతు ఉంది. ఈ ప్రయాణాన్ని రోడ్డు చూసి కాకుండా నీటిని చూసి వేసుకోవాలి. ఏ రోజు ఎక్కడ పడవ దించాలో, ఎక్కడ దించకూడదో, ఎక్కడ గుడారం వేయకూడదో నీరే నిర్ణయిస్తుంది. ఆ నిర్ణయానికి కారు ఒదిగి ఉండాలి. కయాక్ యాత్రలుగా చెప్పుకుంటున్న చాలా ప్రయాణాల్లో జరుగుతున్నది దీనికి విరుద్ధం. ముందు గదులు, భోజనాల చోట్లు, ఫొటోలకు అనువైన మలుపులు ఖాయమవుతాయి, చివర మిగిలిన గంటలో పడవ నీళ్ళలో పడుతుంది. ఆ గంటలో గాలి ఎటుందో, పైన గేట్లు తెరిచారో లేదో ఎవరికీ పట్టదు.

గుంటూరు నుంచి వినుకొండ, మార్కాపురం మీదుగా దోర్నాల. అక్కడి అడవి చూసుకుని యర్రగొండపాలెం, మాచర్ల మీదుగా నాగార్జునసాగర్. పిడుగురాళ్ళ, సత్తెనపల్లి దాటి అమరావతి. ఆ తర్వాత తెనాలి, రేపల్లె, పెనుమూడి వంతెన, అవనిగడ్డ. అన్నీ కలిపి అయిదారు వందల కిలోమీటర్లు. కారు ఒక్కటే అయితే రెండు రోజుల పని.

నీటి లెక్క వేరు. శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం సముద్ర మట్టానికి 885 అడుగుల ఎత్తు. నాగార్జునసాగర్‌ది 590 అడుగులు. దాని దిగువన టెయిల్‌పాండ్ అనే చిన్న జలాశయం, ఆ తర్వాత 175 అడుగుల వద్ద పులిచింతల, ఆ తర్వాత దాదాపు 57 అడుగుల వద్ద ప్రకాశం బ్యారేజీ మడుగు. అక్కడి నుంచి సముద్రం. అంటే తెడ్డు పట్టినవాడికి కృష్ణ పారే ఏరు కాదు, మేడ మెట్లలాగా ఒకదాని కింద ఒకటి పేర్చిన మడుగుల వరస. ఒక్కో మెట్టు మీద నీరు రోజుల తరబడి కదలకుండా ఉండి, ఒక్కసారిగా కదులుతుంది. దాన్ని కదిలించేది మన తల మీద కురిసే వాన కాదు, ఎక్కడో మహారాష్ట్రలోనో కర్ణాటకలోనో కురిసి, గేట్ల గుండానో టర్బైన్ల గుండానో విడుదలయ్యే వాన. శ్రీశైలం ఎడమగట్టు, నాగార్జునసాగర్ విద్యుత్ కేంద్రాల్లో నీటిని కిందికి వదిలి కరెంటు తీయడమే కాదు, అవే యంత్రాలను వెనక్కి తిప్పి కింది నీటిని పైకి తోడే ఏర్పాటు కూడా ఉంది. కరెంటు వాడకం పెరిగినప్పుడు కింద నీరు పెరుగుతుంది. పైకి తోడినప్పుడు తగ్గుతుంది. ఆకాశంలో మబ్బు తునక కూడా లేని రోజున ఒడ్డున పెట్టిన పడవ తేలిపోవడమూ జరగవచ్చు, బురదలో ఇరుక్కుపోవడమూ జరగవచ్చు.

కయాక్ నేర్పే పాఠాలు ఎక్కువగా హిమాలయ నదులవో, విదేశీ నదులవో. రాళ్ళ మధ్య నుంచి ఎలా దాటాలి, బోల్తా పడితే ఎలా బయటపడాలి, చల్లటి నీటిలో ఒళ్ళు కొంకర్లు పోకుండా ఏం తొడుక్కోవాలి. ఇవి పనికిరానివని అనను. కానీ మన మెట్ల నది మీద ముందుగా రావలసిన విద్య కండబలానికి సంబంధించింది కాదు, సమాచారానికి సంబంధించింది. మామూలు మనిషి గంటకు నాలుగైదు కిలోమీటర్ల కంటే వేగంగా తెడ్డు వేయలేడు. గాలి నింపే పడవైతే అంత కూడా రాదు. నీరు సెకనుకు ఒక్క మీటరు చొప్పున కదిలినా గంటకు 3.6 కిలోమీటర్లు. ఒడ్డు నుంచి చూస్తే నిదానంగా కనిపించే ఆ నడక మన బలమంతటినీ మింగేస్తుంది. అంటే ఎదురీదడం అనే మాటను ముందే మరచిపోయి, ఎదురీదే అవసరం రాకుండా చూసుకోవాలి.

అందుకే గుడారం గురించి నాకు కొన్ని మొండి పట్టుదలలు ఏర్పడ్డాయి. ఏ ఆనకట్టకు దిగువనైనా ఇసుక తిన్నె మీద రాత్రి పడుకోకూడదు. శీతకాలంలో పులిచింతల కింద తెల్లగా, మెత్తగా, మైదానాల్లా పరుచుకుని ఉండే తిన్నెలు గుడారానికే పుట్టినట్టు కనిపిస్తాయి. కానీ 2021 ఆగస్టు 5న ఆ ప్రాజెక్టు పదహారో గేటే కొట్టుకుపోయింది. అలాంటి సంగతి అరుదే కావచ్చు, గేట్లు ఎత్తడం మాత్రం అరుదు కాదు. తిన్నె మీద నిద్రపోతున్నవాడికి సైరన్ వినపడుతుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. గట్టు మీది మామిడితోటో, నిమ్మతోటో చూసుకుని, రైతును అడిగి వేసుకున్న గుడారం వెన్నెల్లో అంత అందంగా ఉండకపోవచ్చు గానీ, తెల్లవారేదాకా అక్కడే ఉంటుంది. అడిగితే కాదన్న రైతు నాకింతవరకు తారసపడలేదు. పొయ్యి ఎక్కడ పెడతారని మాత్రం అందరూ అడిగారు, అది న్యాయమైన ప్రశ్న.

ఇక అడవి. శ్రీశైలం, సాగర్ మధ్య కృష్ణకు ఇరువైపులా ఉన్నది పులుల అభయారణ్యం. 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చిన ఈ అడవి రాష్ట్ర విభజన తర్వాత రెండుగా పంచుకోబడింది. నదికి అవతల తెలంగాణ వైపున ఉన్నది అమ్రాబాద్. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా ఇందులో అడుగు పెట్టడమే నేరం, నిప్పు పెట్టడం మరీ పెద్ద నేరం. దోర్నాల, శ్రీశైలం మధ్య ఘాట్ రోడ్డు గేట్లు రాత్రి తొమ్మిదికి మూసి తెల్లవారి ఆరింటికి తీస్తారు. 'ఎవరూ చూడని చోట' గుడారం వేశామని గొప్పగా చెప్పుకునేవారిని నేను కలిశాను. వాళ్ళను ఎవరూ చూడకపోలేదు, చూసినవాటికి మాటలు రావు, అంతే. నల్లమలలో ఫిబ్రవరి తర్వాత గడ్డీ, రాలిన వెదురాకూ ఎంతగా ఎండి ఉంటాయో చూసినవాడు చలిమంట అన్న మాట ఎత్తడు. అటవీ శాఖ వారి బైర్లూటి శిబిరంలో దిగడమో, తుమ్మలబైలు దగ్గర వారి వాహనమెక్కి లోపలికి వెళ్ళి రావడమో తప్ప ఇక్కడ మర్యాదైన మార్గం మరొకటి లేదు. ఈ అడవి చెంచుల ఇల్లు కూడా. దారి చూపడానికి వాళ్ళు తోడు వచ్చినప్పుడు మనం అతిథులమన్న సంగతి గుర్తుంటే చాలు.

కాబట్టి నల్లమలలో కయాక్ కారు డిక్కీలోనే ఉండాలి. ఇది చాలామందికి రుచించదు. ఇంత దూరం మోసుకొచ్చి, కళ్ళెదుట అంత నీరుంటే దించకుండా ఎలా పోతామని మా బావమరిది కూడా సాగర్ దగ్గర నాతో గంటసేపు వాదించాడు. చుట్టూ ఉన్నది అభయారణ్యం, ఒడ్డు దొరకాలంటే అడవిలోకే ఎక్కాలి, గాలి లేస్తే ఆ జలాశయం మీద అలలు మడుగు అలల్లా ఉండవు, పైగా ఈ నీళ్ళలో మొసళ్ళున్నాయి. ఎత్తిపోతల జలపాతం దగ్గర మొసళ్ళను పెంచే కేంద్రం ఊరికే పెట్టలేదు. సాగర్‌లో లాంచీ ఎక్కి నాగార్జునకొండ చూసి రావడమే మేము చేసిన జలయాత్ర. ద్వీపం మీది మ్యూజియంలో నిలబడినప్పుడు తెలిసింది, మనం చూస్తున్న ఈ నీటి అడుగున ఒక లోయంతా ఉందని, అక్కడి ఇక్ష్వాకుల నాటి కట్టడాల్లో కొన్నింటిని రాయి రాయి విప్పి ఈ కొండ మీదికి తెచ్చి నిలబెట్టారని. 1955లో శంకుస్థాపన జరిగిన ఆనకట్ట ఖరీదు అది కూడా.

కయాక్ నిజంగా దిగవలసింది ప్రకాశం బ్యారేజీ ఎగువ మడుగులో, రాయపూడి, వెంకటపాలెం తీరాల్లో. దీని గురించి కొంచెం విడమరచి చెప్పాలి, ఎందుకంటే విజయవాడ వాళ్ళందరూ తమకు తెలుసనుకునే నీరు ఇదే. 1957లో పూర్తయిన బ్యారేజీకి 70 గేట్లు. అది నిలబెట్టే నీరు 3.07 టీఎంసీలు, సాగర్‌తో పోలిస్తే ఏమూలకూ రాదు. అంటే పైనుంచి వచ్చిన వరదను ఇది దాచుకోలేదు, వచ్చింది వచ్చినట్టు వదలవలసిందే. గేటును పైకి ఎత్తినప్పుడు నీరు దాని కింది నుంచి పోతుంది. ఉపరితలం నునుపుగా, ఏమీ జరగనట్టుగా ఉంటుంది, లాగుడంతా అడుగున ఉంటుంది. గేటుకు పడవ ఒకసారి అడ్డంగా ఆనుకున్నదంటే నీటి ఒత్తిడి దాన్ని అక్కడి నుంచి కదలనివ్వదు. 2024 సెప్టెంబరు మొదట్లో 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చినప్పుడు పైనుంచి కొట్టుకొచ్చిన బరువైన ఇసుక పడవలు గేట్ల దగ్గర చిక్కుకుని, గేట్లు ఎత్తడానికి తోడ్పడే ఎదురు బరువులైన కౌంటర్‌వెయిట్లను దెబ్బతీశాయి. వాటిని బయటికి తీయడానికి ఇంజినీర్లు రోజుల తరబడి కష్టపడ్డారు. టన్నుల కొద్దీ బరువున్న ఇనుమే అలా ఇరుక్కుంటే, మనిషి మోయగల కయాక్ సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది, అది నాకు ఈ ప్రయాణంలోకెల్లా ఆసక్తికరంగా తోచింది. కయాక్ నడిపేవారందరూ ఒప్పుకునే నియమం ఒకటి: పోయేటప్పుడు ఎదురుగాలికి పోవాలి, అలసిపోయి వచ్చేటప్పుడు గాలి వెనక ఉండాలి. శీతకాలంలో ఈ మడుగు మీద గాలి ఎక్కువగా తూర్పు, ఈశాన్య దిక్కుల నుంచి వస్తుంది. ఎదురుగాలికి పోవాలంటే తూర్పుకు, అంటే సరిగ్గా బ్యారేజీ వైపుకే పోవాలి. గాలి నియమం ఒక పక్కకు లాగుతుంటే, గేట్లకు దూరంగా ఉండాలన్న నియమం మరో పక్కకు లాగుతుంది. దీనికి నాకు తోచిన పరిష్కారం, మొదలుపెట్టే రేవును బాగా పైకి జరపడం. రాయపూడి దగ్గర దిగి తూర్పుకు వెళ్ళి, భవానీ ద్వీపం పైకొస కనిపించగానే వెనక్కి తిరిగితే రెండు నియమాలూ నిలబడతాయి. ద్వీపం దాటి కిందికి పోవలసిన అవసరం ఏ కయాక్‌కూ లేదు. అక్కడి నీటి మీద స్పీడ్‌బోట్లు, జెట్‌స్కీలు ఉంటాయి. వాటి అలలో ఊగుతూ ఇంద్రకీలాద్రి చూడటం కంటే పున్నమి ఘాట్ మెట్ల మీద కూర్చుని చూడటం మేలు. వేసవి సాయంత్రాల్లో పైరగాలి ఆగ్నేయం నుంచి వీస్తుంది కాబట్టి లెక్క పెద్దగా మారదు, గాలి జోరు పెరుగుతుందంతే. గాలి నింపే పడవలు నీటిలో తక్కువ, గాలిలో ఎక్కువ ఉంటాయి. అడుగున బిగించే రెక్క మరచిపోతే అవి ముందుకు పోవు, ఉన్నచోటే గిరగిర తిరుగుతాయి.

ఉదయం ఆరున్నరకు ఆ నీటి మీద మాకు తోడుగా ఉన్నది వలలు తీసే జాలరులు మాత్రమే. వలకు కట్టిన థర్మాకోల్ ముక్కలు కనిపిస్తే చుట్టి పోవాలి, మీదనుంచి పోకూడదు. వల చిరిగితే ఆ రోజు కూలి పోయినట్టే. వాళ్ళ పుట్టికి, అంటే గుండ్రటి బుట్టలాంటి పడవకు, కొంచెం దూరంగా ఆగి దారి అడిగితే, "ఎడంపక్క లోతు లేదండీ, ఇసుక తీసిన గుంటలున్నాయి, నడిమికి రండి" అని ఒకాయన చెయ్యి ఊపి చూపించాడు. ఇసుక తవ్విన గుంట పక్కనే మోకాలి లోతు ఉంటుంది. పడవ దిగి నడుద్దామని కాలు పెట్టినవాడు రెండో అడుగులో మునిగిపోయే లోతు ఆ గుంటది. ఆ సంగతి ఏ మ్యాపులోనూ ఉండదు. లైఫ్ జాకెట్ గురించిన ఉపన్యాసం ఈ ఒక్క వాక్యంతో ముగిస్తాను: ఒడ్డున ఉన్నప్పుడే తొడుక్కుని, ఒడ్డెక్కిన తర్వాతే విప్పాలి.

ఇదంతా విన్నవాళ్ళు సహజంగానే అనే మాట, ఇన్ని ప్రమాదాలుంటే అసలు నది మీదికి ఎవరినీ పోనివ్వకపోవడమే మంచిది కదా అని. ఆ మాటకు వెనక కన్నీళ్ళున్నాయి, దాన్ని తేలికగా తీసుకోను. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర పవిత్ర సంగమం వద్ద పడవ తిరగబడి ఇరవై మందికి పైగా చనిపోయారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరి వరదలో పర్యాటకుల బోటు మునిగి దాదాపు 50 మంది పోయారు. కానీ ఈ రెండూ యంత్రంతో నడిచే, టిక్కెట్టు తీసుకుని జనాన్ని ఎక్కించుకునే పడవలు. మొదటిదాంట్లో ఎక్కినవారి ఒంటి మీద లైఫ్ జాకెట్లు లేవు, రెండోది ఉద్ధృతమైన వరదలోకి వెళ్ళింది. వాటి నుంచి నేర్చుకోవలసిన పాఠం నీటికి దూరంగా ఉండమని కాదు, వరద ఎంత ఉందో తెలియకుండా, జాకెట్ లేకుండా నీటిలోకి వెళ్ళొద్దని. తలుపులు మూస్తే తెడ్డు పడవలు ఆగవు. ఎవరికీ చెప్పకుండా, ఎవరూ లేని చోట దిగుతాయి, అది మరింత ప్రమాదం. 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో వచ్చిన అంతర్దేశీయ నౌకల చట్టం యంత్రం లేని పడవలను కూడా లెక్కలోకి తీసుకుంది. జాలరి పుట్టినీ, నా కయాక్‌నూ, తొంభై మంది ఎక్కే బోటునూ ఒకే గాటన కట్టనక్కర్లేదన్న ఆలోచన చట్టంలోనే ఉందన్నమాట.

కొత్తగా తెడ్డు పట్టేవారికి నా సలహా నది కూడా కాదు, కాలువ. దుగ్గిరాల వైపు నుంచి పెదగంజాం దాకా పోయే కొమ్మమూరు కాలువ ఒకప్పుడు ధాన్యం పడవల రహదారి. పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలువతో కలిసి చెన్నై దాకా దారి ఉండేది. కాగితం మీద ఇప్పటికీ అది నాలుగో జాతీయ జలమార్గంలో భాగమే. లోతు తక్కువ, రెండు పక్కలా గట్టు చేతికందేంత దూరం, పక్కనే కాలిబాట. ముప్పు రెండు చోట్ల మాత్రమే: నీటిని ఆపే తలుపులుండే లాకుల దగ్గర, గుర్రపుడెక్క ముసిరిన చోట. లాకు కనిపించగానే పడవ ఎత్తుకుని గట్టు మీద నడిచి దాటాలి. గుర్రపుడెక్కలో దూరితే తెడ్డు బయటికి రాదు. అరటితోటల నీడలో, గట్టు మీద సైకిల్ తొక్కుతున్న పిల్లలతో మాట్లాడుతూ పోయే ఆ ప్రయాణానికి సాహసం అన్న పేరు రాదు. రాకపోతేనేం? మా బావమరిది తిన్నగా తెడ్డు వేయడం నేర్చుకున్నది అక్కడే, సాగర్ దగ్గర పోట్లాడిన తర్వాత.

పెనుమూడి, పులిగడ్డ వంతెన దాటి దివిసీమలో అడుగు పెడితే గేట్ల పాలన ముగిసి చంద్రుడి పాలన మొదలవుతుంది. నాగాయలంక దగ్గర రేవులో ఒక పెద్దాయన మా పడవను నొక్కి చూసి, "పోటు మీద లోపలికెళ్ళండి బాబూ, పాటు పట్టకముందే తిరగండి. పాటు పట్టిందంటే కాలవలో నీళ్ళుండవు, బురదే ఉంటది" అన్నాడు. పోటంటే సముద్రపు నీరు పాయల్లోకి ఎక్కడం, పాటంటే అది వెనక్కి దిగడం. మడ అడవుల పాయల్లో పడవకు ఇంతకు మించిన శాస్త్రం లేదు. నీరు దిగిపోయిన తర్వాత ఆ బురద మనిషిని తొడల దాకా మింగుతుంది. పైగా మడచెట్ల గాలివేళ్ళు మేకుల్లా నిలబడి ఉంటాయి, గాలి పడవకు అవి సూదులే. ఆరుగంటలకోసారి మారే నీటి గడియారాన్ని చూసుకుని, కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం లోపలికి అటవీ శాఖ అనుమతితోనే వెళ్ళాలి. బావురుపిల్లి ఇక్కడి బురద మీద వదిలే అడుగులు చూడాలన్న ఆశ మాకు తీరలేదు. కొంగలు మాత్రం లెక్కలేనన్ని.

సముద్రంలోకి కయాక్ దించడం గురించి ఒకటే మాట: ఈ తీరంలో ఒద్దు. సంగమం దగ్గర నది నీరూ, పోటూ, అలలూ ఎదురెదురుగా కొట్టుకునే చోట చిన్న పడవకు చోటు లేదు. సూర్యలంకలో అలలు విరగకుండా నిమ్మళంగా కనిపించే పట్టీలే మనిషిని లోపలికి లాగే ప్రవాహాలు. ఉదయం పూట గాలి నేల మీద నుంచి సముద్రానికి వీస్తుంది, తేలికైన పడవను అది ఒడ్డుకు కాదు, సముద్రం లోపలికి తీసుకుపోతుంది. తీరం మీద గుడారం కూడా జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వచ్చే ఇసుక మీద వేయకూడదు; దీపం వెలుతురు చాలు, అవి దారి తప్పడానికి. ఇక నవంబరులో వాయుగుండం అన్న మాట రేడియోలో వినపడితే గుడారం మడిచి గుంటూరు వచ్చేయడమే. 1977 నవంబరు 19న ఉప్పెన వేల మందిని తీసుకుపోయిన నేల ఇది, ఇక్కడి పెద్దవాళ్ళతో ఆ విషయం వాదించేంత ధైర్యం నాకు లేదు.

ప్రభుత్వాన్ని నేను కోరేది మరో బోటింగ్ క్లబ్బు కాదు. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలకు గుంటూరు, కృష్ణా జిల్లాల్లో నది పొడవునా ఘాట్లు కట్టారు. పన్నెండు రోజుల స్నానాల కోసం కట్టిన ఆ మెట్లలో చాలావాటి మీద నాచు పట్టి, కాలు జారుతూ, బట్టలు ఉతికేవారికి తప్ప ఎవరికీ పనికిరాకుండా ఉన్నాయి. మళ్ళీ పుష్కరాలు 2028లో. వాటి కోసం ఎలాగూ మరమ్మతులు చేస్తారు కనుక, మండలానికి ఒక ఘాట్‌లోనైనా మెట్ల పక్కన పడవ జారడానికి వీలైన వాలు ఒకటి పోయించవచ్చు. జాలరి పుట్టికీ అది సుఖమే. దాని పక్కన ఒక బోర్డు పెట్టి, పై ఆనకట్ట నుంచి ఈ పూట ఎన్ని క్యూసెక్కులు వదులుతున్నారో, ఆ నీరు ఈ రేవుకు ఎన్ని గంటల్లో చేరుతుందో, ఎన్ని క్యూసెక్కులు దాటితే చిన్న పడవలు దిగకూడదో తెలుగులో రాయాలి. మొదటి అంకె జలవనరుల శాఖ దగ్గర గంట గంటకూ ఉంటుంది, వరదల రోజుల్లో పత్రికలకు ఇస్తూనే ఉన్నారు. మిగతా రెండు అంకెలు లెక్క కట్టడం మన ఇంజినీర్లకు పెద్ద పని కాదు. ముందుగా రాయపూడి దగ్గరా, అమరావతి ఘాట్ దగ్గరా పెట్టి చూడమని నా అభ్యర్థన, ఎందుకంటే ప్రతి ఆదివారం తెల్లవారుజామున అక్కడ తెడ్లు పట్టుకుని దిగుతున్నవాళ్ళు ఇప్పటికే ఉన్నారు.